సైకిల్ మీదే వెళ్ళేవాణ్ణి

పేపర్ ప్లేట్లు చేసేవాళ్ళకి సాంబారు గురించి ఎవరూ చెప్పినట్టు లేదు. క్యారీ అనే ఊళ్ళో పదిహేనేళ్ళుగా కాపురముంటున్న దామోదర్‌కి అమెరికా మీద ఉన్న ఫిర్యాదు ఇదొక్కటే. మిగతావన్నీ సర్దుకున్నాడు. కొత్తిమీర కట్ట కోసం ఎనిమిది మైళ్ళు డ్రైవ్ చేయడానికి సర్దుకున్నాడు. గరాజ్ తలుపు తెరిచి ఉంచితే కాలనీవాళ్ళు ఉత్తరం రాయడానికి కూడా సర్దుకున్నాడు. కానీ తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో నిలబడి, ఎడమ చేతిలో తడిసిన పేపర్ ప్లేటు, అందులో ఓ పక్క అన్నం, ఓ పక్క గుత్తి వంకాయ, మధ్యలో ఆనకట్ట లేని సాంబారు పెట్టుకుని, ఎదుటివాళ్ళతో స్కూల్ డిస్ట్రిక్టుల గురించి నవ్వుతూ మాట్లాడటం మనిషికి సాధ్యమయ్యే పని కాదు. రెండు ప్లేట్లు కలిపి పట్టుకుంటే నిలుస్తుంది. కానీ రెండు తీసుకుంటే ఇంటావిడ చూస్తుంది. మూడొందల ప్లేట్ల కట్టతో రెండేళ్ళు నెట్టుకొద్దామనుకునే ఇంటావిడ మరీ చూస్తుంది. ఆ ఇంటావిడ స్వయానా దామోదర్ భార్య రేణు కాబట్టి, అతను సొంతింటి పాట్‌లక్‌లో కూడా ఒక్క ప్లేటుతోనే తింటాడు.

2014 ఏప్రిల్‌లో ఓ శనివారం మధ్యాహ్నం, ఇంటి వెనక చెక్క డెక్ మీద, ఆ ఒక్క ప్లేటూ మధ్యకి మడతపడింది. గుత్తి వంకాయ జారి, డాక్టర్ వీరభద్రరావుగారి తెల్ల బూటు మీద కూర్చుంది.

వీరభద్రరావుగారు కిడ్నీ డాక్టరు. అమెరికా వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు, రిటైరై ఏడాది. రిటైరైన మర్నాడే సైకిల్ కొన్నారు. ఆ బూట్లు సైకిల్ తొక్కడానికే ప్రత్యేకంగా తెప్పించినవి. వాటిని పాట్‌లక్‌కి ఎందుకు వేసుకొచ్చారంటే, ఎవరైనా అడుగుతారని. మూడు గంటలైనా ఎవరూ అడగలేదు. ఇప్పుడు మాత్రం అందరూ వాటినే చూస్తున్నారు.

ఏదో ఒకటి మాట్లాడి మాట మార్చాలి. దామోదర్ నోటికి వచ్చింది అనేశాడు.

"సైకిలంటే గుర్తొచ్చింది సార్. ఇంటర్‌లో నేను రోజూ వేమూరు నుంచి తెనాలి సైకిల్ మీదే వెళ్ళేవాణ్ణి. రానూపోనూ ఇరవయ్యారు కిలోమీటర్లు. ఎండనక, వాననక. రెండు చేతులూ వదిలేసి."

ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అతను సైకిల్ మీదే వెళ్ళాడు. వెనక క్యారియర్ మీద. తొక్కింది లక్ష్మీపతి అనే క్లాస్‌మేటు. రెండు చేతులూ వదిలేసిన మాట కూడా నిజమే. ఒక చేతిలో ఫిజిక్స్ గైడు, రెండో చేతిలో వేరుశనక్కాయలు ఉండేవి మరి. ఈ సంగతి చెప్పినప్పుడల్లా దామోదర్ 'వెళ్ళేవాణ్ణి' అన్నాడే తప్ప 'తొక్కేవాణ్ణి' అని ఏనాడూ అనలేదు. వినేవాళ్ళు తొక్కాడనుకుంటే అది తెలుగు భాష చేసిన ఏర్పాటు. అందులో అతని ప్రమేయం లేదు.

దామోదర్‌కి సైకిల్ తొక్కడం రాదు.

లోకంలో ఈ సంగతి లక్ష్మీపతికి తప్ప ఎవరికీ తెలియదు. కూతురు చరిత చిన్నప్పుడు సైకిల్ నేర్చుకుంటుంటే వెనకాల పరిగెత్తింది రేణు. ఆ సాయంత్రాలన్నీ దామోదర్‌కి కాన్ఫరెన్స్ కాల్స్ ఉండేవి. చరిత నాలుగో క్లాసులో 'మై డాడ్, ది సైక్లిస్ట్' అని ఎస్సే రాసింది. టీచర్ దానికి బంగారు రంగు స్టిక్కర్ అంటించింది. ఇప్పుడు చరితకి పదమూడేళ్ళు. అమ్మకంటే రెండంగుళాలు పొడుగు. ఆ కాగితం మాత్రం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. దామోదర్ పాలు తీసినప్పుడల్లా అది చదువుకుంటాడు. లోకమంతా కలిసి నవ్వినా ఫర్లేదు గానీ, ఆ కాగితం ఫ్రిజ్ మీంచి దిగిపోతే మాత్రం అతను తట్టుకోలేడు.

డాక్టరుగారు వంకాయని టిష్యూతో తీసి పక్కన పెట్టారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

"రోజూ ట్వెంటీ సిక్స్ కిలోమీటర్స్! నీలాంటివాడి కోసమేనయ్యా వెతుకుతున్నాను. జులై ఫోర్త్ లాంగ్ వీకెండ్ ఏం చేస్తున్నావు?"

పాత రైలు కట్టని సైకిళ్ళ దారిగా మార్చారట. మేరీలాండ్‌లో కంబర్లాండ్ దగ్గర మొదలెడితే, కొండలెక్కి, సొరంగం దాటి, నది పక్కనే పెన్సిల్వేనియాలో కానెల్స్‌విల్ దాకా తొంభై మైళ్ళు. నాలుగు రోజులు. రోజుకో చిన్న ఊళ్ళో బస. పక్క వీధి సత్యం, రెండేళ్ళ క్రితం కొన్న కార్బన్ సైకిల్‌ని గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంచినవాడు, వెంటనే చెయ్యెత్తాడు. చరిత ఎగిరి గంతేసింది. "నాన్నా, రెండు చేతులూ వదిలేసి చూపించాలి. ప్రామిస్?" అంది. చివర్లో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళేట్టయితే సామాను వ్యాన్ తను నడుపుతానంది రేణు.

దామోదర్ చేతిలో ఉన్న ప్లేటు వంక చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే టెక్సస్‌లోని కాపెల్‌లో ఉన్న లక్ష్మీపతికి ఫోన్ కొట్టాడు.

"ఒరేయ్, ఎవరు పోయార్రా?" అన్నాడు లక్ష్మీపతి ఎత్తగానే. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకోవడమే తప్ప మూడేళ్ళుగా మాటల్లేవు మరి.

"ఎవరూ పోలేదు. నేనే పోయేలా ఉన్నాను. నీకు సైకిల్ తొక్కడం గుర్తుందా?"

"అదేం ప్రశ్న? నిన్ను వెనకేసుకుని రెండేళ్ళు తొక్కాను. నేను మర్చిపోయినా నా మోకాళ్ళు మర్చిపోవు."

దామోదర్ జరిగిందంతా చెప్పాడు. అవతల ఏదో కిందపడ్డ చప్పుడు. తర్వాత నవ్వు. ఆ నవ్వు ఆగడానికి పట్టిన టైములో దామోదర్ డిష్‌వాషర్ మొత్తం ఖాళీ చేసి గిన్నెలు సర్దేశాడు.

"రెండు సీట్ల సైకిలు అద్దెకిస్తార్రా. టాండెమ్ అంటారు. నువ్వు ముందు, నేను వెనక," అన్నాడు దామోదర్.

"అంటే డబుల్స్."

"డబుల్సే. ఇక్కడ పోలీసు పట్టుకోడు."

"వస్తాను గానీ ఓ షరతు. నాకు ఇంటర్ ఫిజిక్స్‌లో ఎనభై ఎలా వచ్చాయో అక్కడెవరికీ చెప్పకూడదు. మావాడికి రోజూ చెప్తుంటాను, నేను పుస్తకం ముట్టుకోకుండానే ఎనభై తెచ్చుకున్నానని."

"పదమూడు కిలోమీటర్లూ నేను చదివి వినిపిస్తే వచ్చాయి కదరా!"

"ముట్టుకోలేదుగా? హ్యాండిల్ పట్టుకున్నవాడు పుస్తకమెలా ముట్టుకుంటాడు?"

ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుకున్నారని దామోదర్‌కి మళ్ళీ గుర్తొచ్చింది.

జులై మూడో తేదీ పొద్దున కంబర్లాండ్‌లో సైకిళ్ళ కొట్టు ముందు అందరూ కలిశారు. డాక్టరుగారు మెడ నుంచి మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుపోయిన పచ్చ రంగు డ్రెస్సులో వచ్చారు. రేణు ఆయనతో మాట్లాడినంతసేపూ ఆకాశం వంకే చూసింది. లక్ష్మీపతి కాపెల్ నుంచి ఆవకాయ సీసాతో, పొట్టతో, సైకిల్ వాళ్ళు వేసుకునే మెత్త కుట్టిన నిక్కరుతో దిగాడు. అది లోపల వేసుకోవాలని తెలియక ప్యాంటు మీద వేసుకున్నాడు. సత్యం తన కార్బన్ సైకిల్‌ని రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు.

కొట్టులో జడలల్లుకున్న ఓ అమ్మాయి టాండెమ్‌ని బయటికి తీసుకొచ్చి విడమరిచి చెప్పింది. ముందు కూర్చున్నవాణ్ణి కెప్టెన్ అంటారు. హ్యాండిల్ తిప్పడం, బ్రేకులు, గేర్లు, బ్యాలన్స్ అన్నీ అతనివే. రెండు జతల పెడల్సూ ఒకే గొలుసుకి బిగించి ఉంటాయి. ముందువాడు తొక్కితే వెనకవాడి కాళ్ళు వాటంతటవే తిరుగుతాయి. ఇంత దయగల యంత్రాన్ని దామోదర్ జీవితంలో చూడలేదు.

"హూ ఈజ్ ద కెప్టెన్?" అంది ఆ అమ్మాయి.

"ఇంకెవరు, దామోదరే!" అన్నారు డాక్టరుగారు. "రోజూ ట్వెంటీ సిక్స్ కిలోమీటర్స్ తొక్కిన మనిషి. ఎక్కవయ్యా ముందు!"

అందరూ చూస్తున్నారు. చరిత ఫోన్ తీసి వీడియో కూడా మొదలెట్టింది. దామోదర్ గొంతు సవరించుకున్నాడు.

"కుదరదు సార్. లక్ష్మీపతి నాకంటే మూడు నెలలు పెద్ద. పెద్దవాళ్ళకి వీపు చూపించి కూర్చోకూడదని మావైపు ఓ పద్ధతి."

లక్ష్మీపతి అటు తిరిగి దగ్గాడు. డాక్టరుగారు మాత్రం నల్లకళ్ళద్దాలు తీసేశారు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్న మనిషి. తనకి తెలియని ఆచారమేదైనా చెవిన పడితే, అది తన వల్లే కనుమరుగైపోయిందని ఆయనకో బెంగ. పైగా తెలుగు సంఘం పత్రికలో 'మన ఆచారాలు' పేజీ ఆయనదే. రెండు సంచికలుగా అందులో వేయడానికి ఏమీ దొరక్క మునక్కాయ ఉపయోగాలు వేస్తున్నారు.

"మావైపు కూడా ఉండే ఉంటుంది," అన్నారు మెల్లగా. "మేమే మర్చిపోయాం." ఫోన్‌లో రాసుకున్నారు. రాసుకుంటూ రాసుకుంటూ తలెత్తారు. "అంటే... నాకు కూడా ఎవరూ వీపు చూపించకూడదన్నమాట."

ఆయన సైకిల్ తోసుకుంటూ అందరికంటే ముందుకొచ్చారు.

"అంటే నన్నెవరూ దాటకూడదు."

వయసు వరసన నిలబడ్డారు. అరవయ్యారేళ్ళ డాక్టరుగారు అందరికంటే ముందు. ఆయన వెనక టాండెమ్. దాని వెనక నలభై ఒకటో ఏట ఉన్న సత్యం. అతని వెనక చరిత.

"సో ఐయామ్ లాస్ట్?" అంది చరిత. "ఫరెవర్?"

"అంకుల్, మీరెంత స్పీడ్ పోతరు?" అని అడిగాడు సత్యం.

"హార్ట్ రేట్ నూట పది దాటకూడదయ్యా. గంటకి ఆరు మైళ్ళు. ప్రతి మైలుకీ వాటర్ బ్రేక్."

సత్యం తన సైకిల్ వంక, రేసు గుర్రాన్ని గానుగకి కట్టినవాడిలా చూశాడు. "దామోదర్ అన్నా, ఇది మీ దిక్కు పద్ధతా, నాకు పడ్డ శిక్షా?"

యాత్ర మొదలైంది. ఫ్రాస్ట్‌బర్గ్ దాకా పదిహేను మైళ్ళూ ఎక్కుడే. మొదటి మైల్లోనే లక్ష్మీపతి ఆయాసపడ్డాడు.

"ఒరేయ్, ఏదన్నా చదవరా."

"ఏం చదవను?"

"ఏదైనా చదువు. నువ్వు చదవకపోతే నా కాళ్ళు కదలవు. అలవాటు."

జేబులో సైకిల్ అద్దె కాగితాలు తప్ప ఏమీ లేవు. దామోదర్ వాటినే తీసి గట్టిగా చదివాడు. ప్రమాదం జరిగితే కొట్టువాళ్ళకి సంబంధం లేదనే మొదటి షరతు పూర్తయ్యేసరికి లక్ష్మీపతి కాళ్ళు దారిలో పడ్డాయి. కాలో చెయ్యో పోతే అనే మూడో షరతుకి ఊపందుకున్నాయి. దామోదర్ ఇంకో చేత్తో వేరుశనక్కాయలు తీశాడు. ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోయినట్టుంది. అవే భుజాలు, కాస్త వెడల్పయ్యాయి. అదే చెమట చొక్కా. పక్కన పంట కాలువ బదులు అమెరికా అడవి. అంతే తేడా.

ఆ దారిలో వెనక నుంచి దాటేవాళ్ళు "ఆన్ యువర్ లెఫ్ట్" అని కేకేసి ఎడమ పక్కనుంచి దాటాలి. ఆ కేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినపడుతూనే ఉంది. డెబ్భై దాటిన నలుగురు బామ్మలు కబుర్లు చెప్పుకుంటూ దాటిపోయారు. ఒకాయన వెనక తగిలించిన బండిలో ఇద్దరు పిల్లల్ని, ఓ కుక్కని పెట్టుకుని లాక్కుంటూ దాటిపోయాడు.

"కుక్క గూడ మనల్ని దాటిపోయిందన్నా," అన్నాడు సత్యం. "పోతపోత నా మొకం జూసింది."

మైలుకోసారి డాక్టరుగారు చెయ్యెత్తేవారు. అందరూ ఆగేవారు. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, "నీళ్ళు తాగావా? వెళ్ళొచ్చావా? రంగెలా ఉంది?" అని అడిగేవారు. దారి పక్కన చర్చివాళ్ళు పిక్నిక్ చేసుకుంటున్నచోట కూడా అడిగారు, అదీ ఇంగ్లీషులో. వాళ్ళు తినడం ఆపి సత్యం జవాబు కోసం చూశారు.

బస చేసిన మోటల్‌లో రేణు కరెంటు కుక్కర్లో అన్నం వండి, పోర్టబుల్ స్టవ్ మీద పప్పుకి పోపు పెట్టింది. ఎండుమిరపకాయలు వేగగానే పొగ అలారం మోగింది. మోటల్ మొత్తం బయటికొచ్చి పార్కింగ్ లాట్‌లో నిలబడింది. అప్పుడు కూడా డాక్టరుగారు అందరికంటే ముందు నడిచారు. ఆయన వెనక మిగతావాళ్ళు వయసు వరసన వచ్చారు.

రెండో రోజు మూడు వేల అడుగుల సొరంగంలోంచి, గంటకి ఆరు మైళ్ళ వేగంతో, ఎవరూ తమకంటే పెద్దవాళ్ళకి వీపు చూపించకుండా వెళ్ళారు. సొరంగం దాటగానే ఎక్కుడు అయిపోయింది. అక్కణ్ణుంచి అంతా దిగుడే. మిగతా లోకమంతా కాళ్ళు కదపకుండా జారిపోతుంటే, వీళ్ళు బ్రేకులు పట్టుకుని దిగారు. డాక్టరుగారి ఆరు మైళ్ళు దిగుడులో కూడా ఆరు మైళ్ళే. సత్యం బ్రేకుల దగ్గర కాలిన వాసనొచ్చింది. అద్దె కాగితాలు మూడుసార్లు పూర్తయ్యాయి. లక్ష్మీపతికి ఇప్పుడు పదకొండో షరతు కంఠతా వచ్చు.

మూడో రోజు కూడా వెనకాల చివరి సైకిల్ మీద చరిత మాత్రం ఏమీ మాట్లాడకుండా వస్తోంది. మూడు రోజులుగా ఆ పిల్ల అంత నిశ్శబ్దంగా ఉండటం దామోదర్‌కి నచ్చలేదు.

నాలుగో రోజు పొద్దున, కాన్‌ఫ్లుయెన్స్ అనే ఊళ్ళో, బూటు లేసు కట్టుకోవడానికి వంగిన లక్ష్మీపతి మళ్ళీ లేవలేదు.

"లేవరా," అన్నాడు దామోదర్.

"లేచే ఉన్నాన్రా," అన్నాడు లక్ష్మీపతి నేల వంక చూస్తూ. "ఇక ఇంతే."

డాక్టరుగారు నడుం నొక్కి చూసి, "మజిల్ స్పాజమ్. కిడ్నీ కాదు," అన్నారు. ఆ గొంతులో కొంచెం నిరాశ ఉంది. లక్ష్మీపతిని వంగినవాణ్ణి వంగినట్టే ఎత్తి, వ్యాన్‌లో రైస్ కుక్కర్ పక్కన పెట్టారు.

టాండెమ్ ముందు సీటు ఖాళీ అయింది. కానెల్స్‌విల్ ఇంకా ఇరవై ఏడు మైళ్ళు. సాయంత్రం గుడి క్యాంటీన్ మూసేలోపు పిట్స్‌బర్గ్ చేరకపోతే తనకి పులిహోర లేదని, పులిహోర లేకపోతే తను ఎవరితోనూ మాట్లాడనని రేణు ముందే చెప్పింది.

"చరిత సైకిల్ వ్యాన్ మీద కట్టేస్తాం, తను నీ వెనక కూర్చుంటుంది. ఎక్కు దామోదర్," అన్నారు డాక్టరుగారు. "మూడు రోజులు మొహమాటానికి వెనక కూర్చున్నావు. ఇవాళ చూస్తాం నీ తొక్కుడు!"

దామోదర్ హ్యాండిల్ పట్టుకున్నాడు. నలభై అయిదేళ్ళ జీవితంలో సైకిల్ హ్యాండిల్ ముట్టుకోవడం ఇదే మొదటిసారి. అది అనుకున్నదానికంటే చల్లగా ఉంది. కళ్ళు తిరిగాయని పడిపోదామా అనుకున్నాడు. డాక్టరు పక్కనే ఉన్నాడు, కుదరదు. తనకి కూడా నడుం పట్టేసిందందామా అనుకున్నాడు. వ్యాన్‌లో చోటు లేదు. ఫ్రిజ్ మీది కాగితం, బంగారు రంగు స్టిక్కర్ కళ్ళ ముందు కదిలాయి. ఇక చెప్పేయడమే.

"చరితా," అన్నాడు గొంతు తగ్గించి. "నీకో సంగతి చెప్పాలమ్మా. నాన్నకి అసలు..."

"ఐ నో, నాన్నా."

"ఏం తెలుసు?"

"త్రీ డేస్ నుంచి నీ వెనకాలే ఉన్నా కదా. నీ రూల్ వల్లే! స్టార్ట్ చేసినప్పుడల్లా నువ్వు కళ్ళు మూసుకుంటున్నావ్. సైడ్ నుంచి కనిపిస్తది. ఎవ్రీ టైమ్."

దామోదర్ "మరి ఆ ఎస్సే..." అన్నాడు.

"అది నా మిస్టేక్. తెలుగు క్లాస్‌లో మీనాక్షి ఆంటీ వెర్బ్స్ చెప్పింది కదా, అప్పుడే డౌట్ వచ్చింది. నువ్వు ఎప్పుడూ 'వెళ్ళా' అంటావ్. 'తొక్కా' అనవ్. నెవర్. నేనే ఇంగ్లీష్‌లో 'రోడ్', అంటే తొక్కాడని, రాసేసా." భుజాలెగరేసింది. "సో యూ డిడ్‌న్ట్ లై. యూ వర్ ఆన్ ఇట్."

పదిహేనేళ్ళుగా ఎంతోమంది పెద్దవాళ్ళు విన్న ఆ వాక్యంలో క్రియ ఎక్కడుందో గమనించిన మనిషి ఈ భూమ్మీద ఒకే ఒక్కతి. ఆ పిల్లకి ణకి, నకి తేడా ఇంకా రాదు. దామోదర్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరుగారు చూసి, "గుడ్, హైడ్రేటెడ్‌గానే ఉన్నావు," అన్నారు.

"జరుగు నాన్నా," అంది చరిత. "ఐయామ్ కెప్టెన్."

సీటు కిందకి దింపడానికి రెండు నిమిషాలు పట్టింది. కానీ చరిత ముందు కాలు వేయబోతుంటే డాక్టరుగారు అడ్డొచ్చారు.

"అదేంటయ్యా? కూతురు తండ్రికి వీపు చూపించడమే? ఆర్టికల్ నిన్ననే పంపించేశాను, ఫోటోతో సహా!"

దామోదర్ ఈసారి గొంతు కూడా సవరించుకోలేదు.

"దీనికో మినహాయింపుంది సార్. ఇంటి ఆడపిల్ల ఎటు తిరిగినా అది ముఖమే, వీపు కిందకి రాదు. మావైపు అంతే."

డాక్టరుగారు ఆలోచించారు. "అంటే ఆడపిల్ల ఎవర్నైనా దాటొచ్చా?"

"ఎవర్నైనా."

"ఆడపిల్లకి తోడు పోయేటోళ్ళు గూడ దాటొచ్చు గదా అన్నా?" అన్నాడు సత్యం. అప్పటికే ఓ కాలు పెడల్ మీద పెట్టేశాడు. "పాప ఒక్కతే ఎట్ల పోతది?"

"తోడు వెళ్ళేవాళ్ళు దాటాలి," అన్నాడు దామోదర్. "దాటకపోతే దోషం."

చరిత కాలు నేలకానించి, "రెడీ?" అంది. దామోదర్ కళ్ళు మూసుకోబోయి, తెరిచే ఉంచాడు. సైకిల్ కదిలింది. చదవడానికి ఏమీ లేదు, అద్దె కాగితాలు లక్ష్మీపతితో పాటు వ్యాన్‌లో ఉండిపోయాయి. చేసే పని లేక దామోదర్ తొక్కాడు. తిరుగుతున్న పెడల్ మీద కాలు పెట్టి ఊరుకోకుండా, నిజంగా కిందికి నొక్కాడు. సైకిల్ ముందుకి దూకింది. "నాన్నా! దట్ వాజ్ యూ!" అని అరిచింది చరిత. ఇంకోసారి నొక్కాడు. మళ్ళీ దూకింది. నలభై అయిదేళ్ళుగా ఈ విషయం తనకెవరూ చెప్పలేదేమిటా అని దామోదర్‌కి ఆశ్చర్యం వేసింది.

అరమైలు దాటాక పచ్చ డ్రెస్సు దగ్గరపడింది.

"ఆన్ యువర్ లెఫ్ట్, అంకుల్!" అని కేకేసింది చరిత.

డాక్టరుగారిని దాటేశారు. వాళ్ళ పక్కనుంచి ఏదో గాలి విసిరినట్టయింది. చూస్తే సత్యం. మూడు రోజులు కట్టేసి ఉంచిన మనిషి కేకలు పెడుతూ చెట్ల మధ్య చుక్కలా మాయమైపోయాడు. ఆ కేకలు ఏ భాషో కూడా తెలియలేదు. వెనక డాక్టరుగారు ఒక్క క్షణం ఒంటరిగా మిగిలిపోయారు. తర్వాత, "ఆగండి! నాకూ చెల్లెళ్ళున్నారు! నేనూ తోడొస్తా!" అని అరుస్తూ తొక్కడం మొదలెట్టారు. ఆయన చేతి గడియారం నూట పది అంది, నూట ముప్ఫై అంది, తర్వాత ఏం చెప్పాలో తెలియక ఊరికే మోగింది. ఆయన దాన్ని విప్పి జేబులో పడేశారు.

ఒహాయోపైల్ దగ్గర నది మీద ఎత్తైన వంతెన ఉంది. కింద రబ్బరు పడవల్లో జనం కేరింతలు కొడుతున్నారు. వంతెన మధ్యకి రాగానే చరిత వెనక్కి తిరక్కుండానే, "నాన్నా, హ్యాండ్స్! ప్రామిస్ చేశావ్!" అంది.

దామోదర్ రెండు చేతులూ వదిలేశాడు. పైకెత్తాడు. ఒక చేతిలో గైడు లేదు, ఇంకో చేతిలో వేరుశనక్కాయలు లేవు. కింద పడవల్లోవాళ్ళు పలకరిస్తున్నాడనుకుని తిరిగి చేతులూపారు.

కానెల్స్‌విల్ చేరి, అక్కణ్ణుంచి సాయంత్రం క్యాంటీన్ మూసే ముందు పిట్స్‌బర్గ్ గుడికి చేరుకున్నారు. లక్ష్మీపతి వెంకన్నకి బాగా వంగి దణ్ణం పెట్టి, ఎలాగూ వంగే ఉన్నాడు కాబట్టి, లేచేటప్పుడు పటుక్కుమని నిటారుగా లేచాడు. పులిహోర పేపర్ ప్లేట్లలో ఇచ్చారు. రేణు దామోదర్ ప్లేటు కింద ఇంకో ప్లేటు పెట్టింది. అతను తలెత్తి చూస్తే, ఆవిడ ఆకాశం వంక చూస్తోంది. డాక్టరుగారు పచ్చ డ్రెస్సు మార్చుకుని చాలాసేపయింది మరి.

కథ ఇక్కడితో ఆగిపోతే అందరూ సుఖంగా ఉండేవారు. డాక్టరుగారు లేచి నిలబడ్డారు.

"వచ్చే మార్చిలో వియత్నాం! హ్యూ నుంచి హోయాన్ మీదుగా కిందకి, సముద్రం పక్కనే, ఎనిమిది రోజులు. పులిహోర క్యూలో నిలబడి ఇప్పుడే ఫోన్‌లో అందరికీ బుక్ చేసేశాను. నాన్‌రిఫండబుల్. అక్కడ టాండెమ్‌లు లేవట, ఎవరి సైకిల్ వాళ్ళదే. మన ఆచారాలు తెలిసిన మనిషి కాబట్టి లీడర్ దామోదర్. ఈసారి అందరికంటే ముందు తనే."

"సార్, మీకు వీపు..."

"నేను మినహాయింపు ఇస్తున్నాను. పెద్దవాణ్ణి కదా, ఇవ్వొచ్చు."

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున, క్యారీలో ఖాళీగా ఉండే స్కూల్ పార్కింగ్ లాట్‌లో దామోదర్ సైకిల్ నేర్చుకుంటున్నాడు. చరిత వెనకాల సీటు పట్టుకుని పరిగెడుతోంది. హ్యాండిల్‌కి కట్టిన ఫోన్‌లోంచి, కాపెల్ నుంచి లక్ష్మీపతి తన కొడుకు ఫిజిక్స్ పుస్తకం గట్టిగా చదువుతున్నాడు. జీవితంలో మొదటిసారి ముట్టుకున్నాడు. చదవకపోతే ఎవరి కాళ్ళూ కదలవని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది. టైటిల్ కింద చరిత పెన్సిల్‌తో 'ఇన్ ప్రోగ్రెస్' అని చేర్చింది.

ఇప్పుడు ఫిబ్రవరి. దామోదర్ తిన్నగా వెళ్ళగలడు. ఆగగలడు. కుడి పక్కకి తిరగగలడు. ఎడమ పక్కకి మాత్రం తిరగలేడు. ఎడమకి తిప్పగానే సైకిలూ అతనూ ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారు. ఎందుకో ఎవరికీ తెలియదు. లక్ష్మీపతి పుస్తకంలో కూడా లేదు. మ్యాప్ తీసి చూస్తే, హ్యూ నుంచి కిందకి వెళ్ళేటప్పుడు సముద్రం మొత్తం ఎడమ పక్కనే ఉంది. ఎడమకి తిరగలేనివాడు సముద్రంలో పడడు కదా అని దామోదర్ ఓ పూట సంతోషపడ్డాడు. తర్వాత హోటళ్ళ లిస్టు వచ్చింది. వ్యూ బాగుంటుందని డాక్టరుగారు ఎనిమిది హోటళ్ళూ సముద్రం వైపే బుక్ చేశారు.

కాబట్టి చదివేవాళ్ళలో సైకిల్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, కాస్త చెప్పండి. ఎడమకి తిరగడానికి భుజం ముందు వంచాలా, నడుమా? మూడుసార్లు కుడికి తిరిగితే ఎడమకి తిరిగినట్టే అంటున్నాడు లక్ష్మీపతి. వియత్నాం రోడ్ల మీద అది కుదురుతుందా? పోనీ, ఎడమకి తిరగకూడదని మనవైపు ఎక్కడైనా ఓ ఆచారం ఉందా? లేకపోతే పెట్టుకోవచ్చా? ఫ్లైట్ మార్చి పన్నెండున. దయచేసి త్వరగా చెప్పండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. అక్కడ అడ్మిన్ డాక్టరుగారు.